బూట్లు విప్పాక ఆ 40 సెకన్లు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: నమస్కారమండి. నా వయసు 36. రాజోలు దగ్గర పల్లెటూళ్ళో ఎలిమెంటరీ స్కూల్లో పనిచేస్తున్నాను. మూడేళ్ళుగా పొద్దున్నే కాలవ గట్టు మీద పరుగెడుతున్నాను. వారానికి అయిదు రోజులు, రోజుకి 6 కిలోమీటర్లు. సంక్రాంతి ముందు బూట్లతో కిలోమీటరుకి 5:43 (5 నిమిషాల 43 సెకన్లు) వచ్చేది. శివరాత్రి వెళ్ళాక బూట్లు పూర్తిగా మానేసి ఉత్తకాళ్ళతో మొదలుపెట్టాను. కాళ్ళు తేలిగ్గా ఉన్నట్టే ఉంది గానీ వాచీలో పేస్, అంటే కిలోమీటరుకి పట్టే టైము, మాత్రం 6:23 దగ్గర ఆగిపోయింది. అడుగులు అప్పుడూ ఇప్పుడూ నిమిషానికి 165 అనే చూపిస్తోంది. చిన్నప్పుడు బడికి చెప్పుల్లేకుండా వెళ్ళినవాణ్ణే. మా గట్టు మీదే కానిస్టేబుల్ సెలక్షన్లకి ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు ఉత్తకాళ్ళతోనే నన్ను దాటుకుని పోతున్నారు. ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా ఒలింపిక్స్‌లో ఉత్తకాళ్ళతో గెలిచాడు కదా! మరి నా స్పీడ్ ఎప్పటికి తిరిగొస్తుంది? డిసెంబరులో రాజమండ్రిలో 10కె (10 కిలోమీటర్ల పరుగు) గంటలోపు పూర్తి చెయ్యాలని కోరిక. బూట్లు వేసుకోవాలా, వద్దా? ఇంకో మాట. మా అమ్మ కూడా పొద్దున్నే గట్టు మీద నడుస్తుంది. షుగరుంది. నన్ను చూసి తనూ చెప్పులు వదిలేస్తానంటోంది. అన్నట్టు నాకు కుడి పాదం పైన కొంచెం నొప్పి ఉంది, అలవాటు మీద పోతుందనుకుంటున్నాను.
- ఒక మాస్టారు, కోనసీమ

సమాధానం: మాస్టారూ, అంతా రాసేశాక గుర్తొచ్చినట్టు చివర్లో ఒక వాక్యం పెట్టారు చూశారా, పాదం పైన నొప్పి అని, ముందు దాని సంగతి తేల్చుకుందాం. పేస్ ఎక్కడికీ పోదు.

ఈ రాత్రి మంచం మీద కూర్చుని ఒక పని చెయ్యండి. కుడి పాదం పైభాగంలో, రెండో వేలు, మూడో వేలు మొదళ్ళ దగ్గర మొదలుపెట్టి చీలమండ వైపు బొటనవేలితో కొద్దికొద్దిగా నొక్కుకుంటూ రండి. నొప్పి పాదమంతా పరుచుకుని ఉందా? లేక రూపాయి బిళ్ళంత చోట, సరిగ్గా ఎముక మీద వేలు పడగానే ప్రాణం లాగేస్తోందా? పరుగు మొదలుపెట్టాక తగ్గుతోందా, పెరుగుతోందా? ఆ చోట కాస్త వాపుందా? ఒక్కచోటే నొక్కితే నొప్పి, పరిగెత్తే కొద్దీ పెరగడం, ఈ రెండూ ఉంటే రేపటి నుంచే పరుగు ఆపెయ్యండి. ఉత్తకాళ్ళతోనే కాదండి, బూట్లతో కూడా. రాజోల్లోనో అమలాపురంలోనో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బూట్లు వదిలిన సంగతి, ఎప్పుడు వదిలారో, వారానికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో అంతా చెప్పండి. "కొంచెం నొప్పండి" అని ఊరుకుంటే ఆయన నొప్పి బిళ్ళ రాసి పంపేస్తారు.

ఎముక మీద అలా ఒక్కచోటే వచ్చే నొప్పి స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. ఎముక విరగదు, వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడొకడు కవాతు చేసే సిపాయిల పాదాల్లో ఈ బాధని గుర్తించాడు. అందుకే దీనికి మార్చ్ ఫ్రాక్చర్ అని ఇంకో పేరుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అని సంబరపడి మర్నాడే పరుగు పెట్టి, చిన్న పగులుని నిజంగానే విరిగేదాకా తెచ్చుకునేవాళ్ళున్నారు. నొప్పి అక్కడే ఉంటే రెండు వారాలాగి మళ్ళీ తీయించాలి, లేదా డాక్టరు చెబితే ఎం.ఆర్.ఐ. చేయించాలి. నిజంగా పగులే అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు విశ్రాంతి. వినడానికి ఎక్కువే, కానీ ఆరు నెలలు కూర్చోవడం కన్నా నయం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ లెక్క చూశాక భయం వేసింది. వారానికి 30 కిలోమీటర్లు, శివరాత్రి తర్వాత ఒక్క వారంలో మొత్తం బూట్ల నుంచి ఉత్తకాళ్ళకి మార్చేశారు. కొత్త కోడెని నాగలికి కట్టి మొదటిరోజే ఎకరం దున్నించినట్టుంది. కొత్త బరువు పడ్డప్పుడు ఎముక ముందు తనలో పాత భాగాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. ఆ మధ్యలో కొన్ని వారాలు మామూలు కన్నా బలహీనంగా ఉంటుంది. అరికాలి చర్మం రెండు మూడు వారాల్లో గట్టిపడిపోతుంది కాబట్టి మనకేమో అలవాటైపోయిందనిపిస్తుంది. లోపలి ఎముకకి ఇంకా నెలలు కావాలి. దెబ్బతినేది సరిగ్గా ఈ సందులోనే. 2013లో అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు కొందరు రన్నర్లకి వేళ్ళున్న చేతి తొడుగుల్లా ఉండే పల్చటి బూట్లిచ్చి, పది వారాలు మెల్లమెల్లగానే అలవాటు చేయించారు. చివర్లో ఎం.ఆర్.ఐ. తీస్తే 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో లోపల వాపు పెరిగి కనపడింది. మెల్లగా వెళ్ళినవాళ్ళ సంగతే అది. మీరు ఒక్కసారిగా దూకారు.

సరే, ఇక పేస్. మీరు పుణ్యం కట్టుకుని అడుగుల లెక్క కూడా రాశారు. చాలామంది రాయరు. దాంతో మీ ప్రశ్నకి సగం సమాధానం మీ ఉత్తరంలోనే దొరికింది.

స్పీడ్ అంటే నిమిషానికి వేసే అడుగుల్ని ఒక్కో అడుగు పొడవుతో గుణిస్తే వచ్చేది. కిలోమీటరుకి 5:43 అంటే నిమిషానికి దాదాపు 175 మీటర్లు. దాన్ని 165 అడుగులతో భాగించండి, అడుగు 1.06 మీటర్లు. ఇప్పుడు 6:23 అంటే నిమిషానికి దాదాపు 157 మీటర్లు. అదే 165తో భాగిస్తే 95 సెంటీమీటర్లు. అంటే ఒక్కో అడుగులో 11 సెంటీమీటర్లు, జానలో సగం, తగ్గిపోయింది. మీరు వెతుకుతున్న 40 సెకన్లు అక్కడే ఉన్నాయి.

అడుగు తగ్గడం తప్పేమీ కాదు. బూటు మడమ కింద మెత్త ఉన్నంతసేపూ కాలు బారుగా చాపి మడమ మీద దిగినా తెలీదు. మెత్త తీసేస్తే రెండో అడుగుకే మడమ కేక పెడుతుంది. ఎవరూ నేర్పక్కర్లేకుండా కాలు తనంతట తనే దగ్గరగా, ఒంటి కిందకి వచ్చి దిగడం మొదలుపెడుతుంది. మీ ఒళ్ళు చెయ్యాల్సిన పనే చేసింది. కాకపోతే అడుగు పొట్టిదైనప్పుడు అడుగులు ఎక్కువ పడాలి. మీకవి పెరగలేదు. మూడేళ్ళుగా 165కి అలవాటు పడ్డ కాళ్ళు ఇప్పుడూ అదే తాళంలో పోతున్నాయి.

పాత పేస్ రావాలంటే 95 సెంటీమీటర్ల అడుగుతో నిమిషానికి 184 వెయ్యాలి. అలాగని రేపే 184 అని కూర్చోకండి, పిక్కలు పట్టేస్తాయి. ముందు అయిదు శాతం చాలు, 173. అడుగు పొడవు వెంట్రుకంత పెంచకపోయినా 173తో మీ పేస్ 6:05 అవుతుంది. కావాలంటే లెక్క వేసుకోండి, మాస్టారు కదా. దీనికి ఫోన్లో మెట్రోనోమ్ యాప్‌లున్నాయి, మనం పెట్టిన లెక్కకి టక్ టక్‌మని తాళం వేస్తాయి. అవి కూడా అక్కర్లేదు. కుడికాలు అర నిమిషంలో 43 సార్లు నేల తాకుతోందో లేదో లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. ఈ ప్రాక్టీసు బూట్లతోనే చెయ్యొచ్చు, పైగా అదే మంచిది. తాళం ముందు బూట్లతో కుదిరితే, తర్వాత బూట్లు విప్పినప్పుడు కాళ్ళకి నేర్చుకోవాల్సిన పని ఒకటి తగ్గుతుంది.

అయితే 40 సెకన్లూ బూట్ల పద్దులోనే రాసెయ్యడం కూడా న్యాయం కాదు. 5:43 ఎప్పుడొచ్చింది? సంక్రాంతి ముందు, మంచు పడే పొద్దుల్లో. 6:23 చూస్తున్నది ఇప్పుడు, తెల్లారకముందే ఉక్క మొదలయ్యే రోజుల్లో. మన డెల్టాలో గాల్లో తేమ ఎక్కువ, చెమట పడుతుందే గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, గుండె ఆ పని కూడా నెత్తినేసుకుంటుంది. వేసవిలో బూట్లతో పరిగెత్తినా మీకు ఆ పాత అంకె వచ్చేది కాదు. పాదం బాగయ్యాక ఒకే వారంలో, ఒకే వేళకి, లాకుల దగ్గర్నుంచి వంతెన దాకా ఒకరోజు బూట్లతో, ఒకరోజు విశ్రాంతి ఇచ్చి ఇంకోరోజు ఉత్తకాళ్ళతో రెండంటే రెండు కిలోమీటర్లు పరిగెత్తి చూసుకోండి. అప్పుడొచ్చే తేడానే అసలు తేడా. నా అంచనా, 40 ఉండదు.

ఇంకో దొంగ మీ కళ్ళల్లో ఉన్నాడు. కాలవలకి నీళ్ళు ఆపేశాక పూడిక తీస్తారు కదా, ఆ మట్టంతా తెచ్చి గట్టు మీదే పోస్తారు. అది ఎండాక ఎప్పుడైనా వంగి చూశారా? విరిగిన నత్తగుల్లలు, సీసా పెంకులు, ఎవరో విసిరేసిన బ్లేడు ముక్క, రాయిలా బిగిసిన మట్టిగడ్డలు. దానికి తోడు పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు, రాలిపడ్డ తాటిమట్టల కరుకులు. ఇలాంటి నేల మీద ఉత్తకాళ్ళతో పరిగెత్తేవాడి చూపు మూడు గజాలు దాటదు. తల వంగుతుంది, భుజాలు బిగుస్తాయి, ప్రతి పది అడుగులకీ తెలీకుండానే ఒక చిన్న బ్రేకు పడుతుంది. ఈ బ్రేకుల్ని ఏ వాచీ చూపించదు. ఇది మీ కాళ్ళ బలహీనత కాదు, గట్టు చేస్తున్న పని. సిమెంటు రోడ్డు మీద పరిగెత్తితే అదే కాళ్ళతో పేస్ మెరుగుపడటం మీరే చూస్తారు.

ఇసుక సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే "అంతర్వేదిలో పరిగెత్తితే ఇంకా తగ్గిపోయిందండి" అని రేపు మళ్ళీ ఉత్తరం రాస్తారు. పొడి ఇసుకలో పరుగుకి గట్టి నేల మీద కన్నా ఒకటిన్నర రెట్ల పైనే శక్తి ఖర్చవుతుంది. అక్కడ వాచీ చూడకండి. అల వెనక్కి తగ్గిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పరుగుకి హాయిగా ఉంటుంది, కానీ తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒకే వైపు పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. వెళ్ళిన దూరం వెనక్కి రావాలి.

ఇక కాళ్ళు తేలికయ్యాయి కాబట్టి వేగం పెరగాలి కదా అన్న అనుమానం. ఇందులో సగం నిజముంది. ఒక్కో బూటుకి వంద గ్రాముల బరువు పెరిగితే పరుగుకయ్యే ఆక్సిజన్ ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుందని చాలాకాలంగా తెలుసు. మామూలు రన్నింగ్ షూ 250, 300 గ్రాముల మధ్య ఉంటుంది. ఆ లెక్కన బూట్లు విప్పితే రెండు మూడు శాతం మిగలాలి. కాని మిగలదు. కొలరాడో యూనివర్సిటీ వాళ్ళు 2012లో ఉత్తకాళ్ళ పరుగు బాగా అలవాటున్నవాళ్ళనే తెచ్చి, తేలికపాటి మెత్త బూట్లతో ఒకసారి, ఉత్తకాళ్ళతో ఒకసారి పరిగెత్తించి, పీల్చే గాలిని కొలిచారు. ఉత్తకాళ్ళతో మిగిలిందేమీ లేదు. తర్వాత ఇంకో తమాషా చేశారు. ట్రెడ్‌మిల్ పట్టీ మీదే 10 మిల్లీమీటర్ల ఫోమ్ అతికించి దాని మీద ఉత్తకాళ్ళతో పరిగెత్తించారు. ఖర్చు ఒకటిన్నర శాతానికి పైగా తగ్గింది. దీన్నిబట్టి తేలేదేమిటంటే, మెత్త లేనప్పుడు ఆ దెబ్బని కాచుకునే పని మన కండరాలే చెయ్యాలి, దానికీ శక్తి కావాలి. బరువులో మిగిలింది ఇక్కడ చెల్లిపోతుంది. అందుకే బాగా అలవాటయ్యాక కూడా ఉత్తకాళ్ళతో పేస్ తేలికపాటి బూట్లతో సమానంగా ఉంటే గొప్ప. అంతకన్నా వేగం పెరుగుతుందని మీకు ఎవరు చెప్పినా నమ్మకండి. ఇప్పుడు పోటీల్లో వాడే, అట్టలో కార్బన్ రేకు పెట్టిన కార్బన్ ప్లేటు బూట్లయితే మామూలు బూట్ల కన్నా నాలుగు శాతం దాకా ఖర్చు తగ్గించాయని కొలిచి చూపించారు. వాటితో ఉత్తకాళ్ళకి పోటీయే లేదు.

బికిలా పేరు ఎత్తకుండా ఉత్తకాళ్ళ మీద ఎవరూ ఉత్తరం రాయరు లెండి. 1960 రోమ్‌లో ఆ ఇథియోపియా సిపాయి ఉత్తకాళ్ళతో మారథాన్ గెలిచిన మాట నిజం. టైము 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, ప్రపంచ రికార్డు. అక్కడ ఇచ్చిన బూట్లు కాళ్ళకి కుదరక, ప్రాక్టీసు చేసిన తీరులోనే దిగాడు. 1964 టోక్యోలో మళ్ళీ గెలిచాడు, అదీ అపెండిక్స్ ఆపరేషన్ అయిన ఆరు వారాలకే. టైము 2:12:11, మళ్ళీ ప్రపంచ రికార్డు. ఆ రోజు కాళ్ళకి బూట్లూ ఉన్నాయి, మేజోళ్ళూ ఉన్నాయి. మూడు నిమిషాలు తగ్గడం బూట్ల మహిమే అని నేనూ అనను. దారి వేరు, వాతావరణం వేరు. కానీ రోమ్ ఫొటో అందరి గోడల మీదా ఉంటుంది, టోక్యో ఫొటో ఎవరికీ గుర్తుండదు.

మీ గట్టు మీద కుర్రాళ్ళ విషయానికొస్తే, వాళ్ళని చూసి బెంగపడకండి. మన కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్ళకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చెయ్యాలి, అంటే కిలోమీటరుకి 5 నిమిషాలు. ఇరవై ఏళ్ళ వయసులో ఆ దూరం పిక్కలు అలిసేలోపే అయిపోతుంది. ఉత్తకాళ్ళ పరుగులో మోకాలి మీద భారం తగ్గుతుంది, ఆ భారమంతా పిక్కల మీదకీ, పిక్కని మడమకి కలిపే స్నాయువు మీదకీ పోతుంది. 1600 మీటర్లకి అది తెలీదు. 6 కిలోమీటర్లకి నాలుగో కిలోమీటరులో తెలుస్తుంది. మీ వాచీలో కిలోమీటరు వారీ లెక్క తీసి చూడండి. మొదటి రెండు బాగుండి, చివరి రెండు దారుణంగా ఉంటే మీ పిక్కలు చాలించుకుంటున్నాయని అర్థం. సగటు అంకె ఈ విషయాన్ని దాచేస్తుంది.

చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగానన్నది మంచి మాటే. వేళ్ళు విడివిడిగా, పాదం వెడల్పుగా ఉండి ఉంటాయి, అది లాభమే. కానీ బడికి నడవడం వేరు, గంటకి 9 కిలోమీటర్ల పైన పరుగెత్తడం వేరు. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు రెట్ల పైనే పాదం మీద పడుతుంది. పైగా ఆ తర్వాత పాతికేళ్ళు మీ పాదాలు బూట్లలోనూ చెప్పుల్లోనూ ఉన్నాయి. ఇక్కడే ఇంకో సలహా. మునివేళ్ళ మీదే దిగాలి, మడమ నేలకి తగలకూడదు అని వీడియోల్లో చెబుతుంటారు. 2010లో హార్వర్డ్ వాళ్ళ పరిశోధన వచ్చిన దగ్గర్నుంచి ఈ మాట బాగా పాకింది. కెన్యాలో బూట్లెరగని రన్నర్లు ఎక్కువగా పాదం ముందుభాగం మీద దిగుతున్నారని, అలా దిగితే నేల తగిలిన క్షణాన వచ్చే కుదుపు ఉండదని వాళ్ళు చూపించారు. అది తప్పు కాదు. కానీ 2013లో అదే కెన్యా ఉత్తరాన, పుట్టినప్పట్నుంచీ చెప్పుల్లేకుండా పెరిగిన డాసానచ్ తెగవాళ్ళని పరిగెత్తించి చూస్తే, మామూలు నిదానపు వేగంలో 72 శాతం సార్లు మడమ మీదే దిగారు. వేగం పెంచినప్పుడు ముందుకి మారారు. కాబట్టి మీ పేస్‌లో బలవంతాన మునివేళ్ళ మీద నడిపించుకుంటే పాదం ఎముకలకీ పిక్కలకీ శిక్షే. మీ కుడి పాదం నొప్పి వెనక అది కూడా ఉందేమోనని నా అనుమానం. పాదం ముందుభాగం తగిలినా వెంటనే మడమ కూడా నేలకి ఆననివ్వండి. చప్పుడు తక్కువగా దిగుతున్నారా లేదా అన్నదొక్కటే చూసుకోండి.

డాక్టరు సరేనన్నాక ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. రోజూ పరుగు బూట్లతోనే. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడంతో, పరుగు అయిపోయాక చివర్లో బూట్లు విప్పి 300, 400 మీటర్లు. నవ్వొస్తుంది, మీకు 6 కిలోమీటర్లు అలవాటు కదా. అయినా అంతే. గట్టు మీద వద్దు, మీ స్కూలు వెనక సిమెంటు రోడ్డు శుభ్రంగా ఉంటే అక్కడ. గట్టి నేల మీద తప్పుగా దిగితే కాలు వెంటనే చెబుతుంది. మెత్తటి గడ్డి మీద చెప్పదు, పైగా గడ్డిలో ఏముందో కనపడదు. మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగులే మీకు పరీక్ష. పిక్కలు కాస్త పట్టేసినట్టుంటే ఫరవాలేదు. మడమ వెనక స్నాయువు నొప్పి పెట్టినా, పాదం ఎముక మీద ఒక్కచోట నొప్పి ఉన్నా ఆ వారం మళ్ళీ బూట్లు విప్పొద్దు. రెండు వారాలు బాగా గడిస్తే ఇంకో 200 మీటర్లు కలపండి. ఈ నడకన ఒక కిలోమీటరు దాటడానికే రెండు నెలలు పడుతుంది. ఈ రెండు నెలలూ ఉత్తకాళ్ళ పరుగప్పుడు వాచీ ఇంట్లో పెట్టి వెళ్ళండి. పేస్ అన్నిటికన్నా చివర వచ్చే చుట్టం, ముందే పిలిస్తే రాదు. ఇంట్లో మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకెత్తి, మెల్లగా మెట్టు కిందకి దించడం రోజూ మూడు విడతలు, విడతకి 15 చొప్పున చేస్తే పిక్కలకి బలం వస్తుంది. మధ్యేమార్గం కావాలంటే మన చిన్నప్పటి డ్రిల్లు పీరియడ్ తెల్ల కాన్వాస్ బూట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అట్ట పల్చన, బరువు తక్కువ, గాజు పెంకు దిగదు. వేల రూపాయలు పోసి కొనే "సహజమైన" బూట్లలో వీటికి మించింది పెద్దగా ఏమీ లేదని నా అభిప్రాయం.

ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మన ప్రాంతంలో క్యాలెండరు చూసుకుని చెయ్యాలి. పాదం బాగయ్యేసరికి జూలై వస్తుంది, సార్వా నాట్లు. గట్లన్నీ ఒండ్రు బురద, కాలు పెడితే జారుతుంది. వర్షాకాలం నీళ్ళల్లో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, పగిలిన మడమల్లోంచి, చిన్న గీతల్లోంచి లెప్టోస్పైరోసిస్ వచ్చేది అలాగే. దీన్నే ఎలుక జ్వరం అంటారు. బహిర్భూమికి వాడే చోట్లయితే కొంకిపురుగులు అరికాలి చర్మంలోంచే లోపలికి పోతాయి. చీకట్లో గట్టు మీద పాముల సంగతి నేను మీకు చెప్పక్కర్లేదు. నవంబరులో వాన తగ్గిందనుకునేసరికి కోతలు, రోడ్డు మీదంతా ధాన్యం ఆరబోస్తారు. పాపం రైతు ఎక్కడ పోసుకుంటాడు! ఆ వడ్ల మీద ఉత్తకాళ్ళతో వెళ్తే మీకు నూగు గుచ్చుకుంటుంది, ఆయనకి కోపమొస్తుంది. అంచేత సంక్రాంతి వెళ్ళాక, దాళ్వా చేలు పచ్చగా ఉన్న జనవరి నుంచి మార్చి దాకా మన దగ్గర ఉత్తకాళ్ళ పరుగుకి సరైన కాలం. అప్పుడు మొదలుపెట్టండి. ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఈలోగా వేయించుకోండి.

దీంతో డిసెంబరు 10కె ప్రశ్న దానంతటదే తేలిపోయింది. బూట్లు వేసుకునే పరిగెత్తండి. గంటలోపు అంటే కిలోమీటరుకి 6 నిమిషాల లోపు. మీకు చలికాలంలో బూట్లతో 5:43 ఉంది, అదే నిలబెట్టుకుంటే 57 నిమిషాల చిల్లర. ఇప్పుడున్న ఉత్తకాళ్ళ పేస్‌తో అయితే దాదాపు 64 నిమిషాలు. కోరిక గంటలోపు చెయ్యడమా, ఉత్తకాళ్ళతో చెయ్యడమా అన్నది మీరే తేల్చుకోవాలి. ఉత్తరంలో రాసింది మొదటిది కాబట్టి నేను దానికే సమాధానం చెప్పాను. ఆగస్టు నుంచి 173 తాళం మీద ధ్యాస పెట్టి, సెప్టెంబరు నుంచి ఆదివారాలు 8, 9 కిలోమీటర్లు నిదానంగా పరిగెత్తండి. పాత బూట్ల అట్ట అరిగిపోయి ఉంటే కొత్తవి పరుగుకి నెల ముందే కొనండి, పోటీ రోజున కొత్త బూట్లతో దిగొద్దు.

ఇక అమ్మగారు. ఆవిణ్ణి చెప్పులు విప్పనివ్వకండి, ఒక్కరోజు కూడా. షుగరు ఉన్నవాళ్ళకి అరికాలిలో స్పర్శ మెల్లగా తగ్గిపోతుంది, అది వాళ్ళకే తెలీదు. నత్తగుల్ల గీసుకున్నా, ఎండకి కాలిన రోడ్డు మీద బొబ్బ లేచినా నొప్పి తెలీదు, పుండు పడ్డాక గానీ చూసుకోరు. ఆ పుండు ఒక పట్టాన మానదు, వేళ్ళు తీసేసేదాకా వెళ్ళిన ఇళ్ళు మన ఊళ్ళల్లో ఎన్నో. ఆవిడకి ఎం.సి.ఆర్. చెప్పులని మెత్తటి అట్టవి దొరుకుతాయి, వెనక పట్టీ ఉన్నవి కొనిపెట్టండి. ఇంట్లో కూడా వేసుకోమనండి. గుళ్ళో ఎలాగూ విప్పాలి కాబట్టి మిట్టమధ్యాహ్నం బండల మీద ప్రదక్షిణలు వద్దని, పొద్దున్నే వెళ్ళమని చెప్పండి. రాత్రి పడుకునేముందు రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ మీరే దీపం వెలుగులో చూడండి. ఆవిడ "నాకేం కాలేదురా" అంటారు, అయినా చూడండి. ఎముకల డాక్టరు దగ్గరికి మీరు వెళ్ళే రోజున ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి, పాదాల్లో స్పర్శ ఎంతుందో పరీక్ష చేయమని అడగండి. రెండు నిమిషాల పని.